ఆకలి లేదండి

పెళ్లయిన మూడో వారంలో కృపావతి ఒక కాగితం రాసింది. అందులో పద్నాలుగు సూచనలున్నాయి. పదమూడింటితో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఏడో సూచన మాత్రం ఒక పిల్లని ఏలూరు అవతలి హాస్టలుకి పంపించేసినంత పని చేసింది.

రాసేటప్పుడు ఎంత బాగుందో. రాజోలులో కాలవగట్టు పక్కన రెండు గదుల కొత్త కాపురం. ఆదివారం మధ్యాహ్నం. కృపావతి చాప మీద కూర్చుని చెబుతుంటే, తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసే ఆమె భర్త ప్రభాకరరావు బల్ల దగ్గర రాస్తున్నాడు. అతని దస్తూరీ అచ్చు వేసినట్టుంటుంది. పెళ్లిచూపులకి ముందు వచ్చిన ఉత్తరంలో ఆ దస్తూరీ చూసే ఆమె సగం ఒప్పుకుంది. అతను మధ్యమధ్య పెన్ను ఆపి ఆమె గాజుల వంక చూసేవాడు. అలా చూస్తూ ఒక సూచన రెండుసార్లు రాశాడు. దాన్ని కొట్టేస్తే పద్నాలుగు మిగిలాయి.

కృపావతి కాకినాడలో బి.ఏ. చదివింది. కరుణా శిశు సంఘం అని ఒకటుండేది. అమ్మానాన్నలు లేని పిల్లల్ని తీసుకొచ్చి, పెంచుతామన్నవాళ్ళ ఇళ్ళలో పెట్టేవారు. ఆ ఇళ్ళకి వెళ్ళి, పిల్ల ఎలా ఉందో చూసి, పెంచేవాళ్ళకి సలహాలు చెప్పడం ఆమె ఉద్యోగం. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అడిగిందే అడుగుతున్నారని ఈ కాగితం రాసింది.

ఏడో సూచన ఇది: 'పిల్ల పుట్టిన ఇంటి అలవాట్లను గౌరవించండి. చేపల వేట చేసేవారి పిల్లలకు చేపే ప్రాణం. వారానికి కనీసం నాలుగు రోజులు చేప వండి పెట్టండి.'

"ఇది బాగా కుదిరిందోయ్" అన్నాడు ప్రభాకరరావు.

కుదిరిందనే ఆమె కూడా అనుకుంది.

రెండు నెలల తర్వాత, వైశాఖం ఎండల్లో, మార్తమ్మగారి వసారాలో కూర్చుని ఆ కుదిరిన సూచన గురించి వినవలసి వచ్చింది.

"ఇవాళ చందువా" అంది మార్తమ్మగారు, విసనకర్రతో తనకి కాకుండా గాలికే విసురుతూ. "నిన్న మెత్తళ్ళు. మొన్న వంజరం. ఆదివారం పండుగప్ప. ఇంక సముద్రంలో మిగిలిందేముందో నువ్వే చెప్పమ్మాయ్, అదీ తెప్పిస్తాను."

మార్తమ్మగారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆమె భర్త యేసురత్నం హైస్కూల్లో లెక్కల మాస్టారు. పిల్లలు లేరు. ఫాల్గుణంలో అప్పాయమ్మని వాళ్ళింట్లో పెట్టారు. అప్పాయమ్మకి ఎనిమిదేళ్ళు. సఖినేటిపల్లి రేవు దిగువన వాళ్ళ ఇల్లు. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి వెంకన్న కిందటి కార్తీకంలో గాలివాన నాడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. మామ్మ వీరాయమ్మకి కళ్ళు సరిగా ఆనవు. ఆమే కూతురింట్లో ఓ మూల తలదాచుకుంటోంది.

"తినడం లేదాండి?" అంది కృపావతి.

"తినడమా. మాస్టారి సైకిలు చెయిను రెండుసార్లు తెగింది, చేపల బజారుకి తిరిగి తిరిగి. చేప తింటే ఆయనకి ఒళ్ళంతా దద్దుర్లు. నాకు శనివారం ఒక్కపూటయితే ఇష్టమే, రోజూ పొలుసులు గీకాలంటే నీచు వాసనకి తల తిరుగుతోంది. అయినా నీ కాగితంలో రాసేవు కదా అని వండుతున్నాను. ఈ మహాతల్లి కంచం ముందు కూర్చుని 'ఆకలి లేదండి' అంటుంది. పొద్దున్న ఆకలి లేదండి. మధ్యాహ్నం ఆకలి లేదండి. నేను అరిస్తే నాలుగు మెతుకులు ఉప్పుతో మింగుతుంది."

"వాళ్ళ పద్ధతిలో వండాలేమో పిన్నిగారూ. మసాలా ఎక్కువైందేమో."

"ఆ పద్ధతేదో కూడా కాగితం మీద రాసి పడెయ్యి. అదీ చేస్తాను."

కృపావతి నవ్వబోయి ఆపుకుంది. మార్తమ్మగారు నవ్వే స్థితిలో లేదు. గుమ్మం పక్కన స్తంభాన్ని ఆనుకుని అప్పాయమ్మ నిలబడి ఉంది. నల్లని పిల్ల, నేరేడుపండు నలుపు. ఆ నలుపు మీద ముఖానికి, మెడకి, మోచేతులదాకా తెల్లగా పౌడరు మెత్తి ఉంది. జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుపోయి, ఏ ఉంగరానికి ఆ ఉంగరం ఎదురు తిరిగి నిలబడి ఉంది.

"పౌడరెందుకండీ అంత?"

"ఎందుకా. ఎదురింటి నాగమణి రోజుకోసారి వచ్చి 'ఈ కాకిపిల్లని ఎక్కణ్ణించి తెచ్చేరు వదినా' అంటుంది. పిల్ల వింటోంది కదా. సున్నిపిండి పెట్టి రుద్దేను, పసుపు రాసేను, ఏదీ పట్టలేదు. పౌడరు పట్టింది. ఇంక జుట్టు సంగతి అడక్కు. రెండు దువ్వెనలు విరిగేయి. మంగలి లాజరుని పిలిచి గుండు చేయించేద్దామనుకున్నాను, పన్నెండో సూచనలో వద్దన్నావు."

"వద్దండి. పిల్లని అడక్కుండా..."

"అడిగేను. 'మీ ఇష్టమండి' అంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మీ ఇష్టమండి అంటే నేనేం చెయ్యను?"

అంతలో సంఘం కార్యదర్శి కనకరాజుగారు గొడుగు మడుస్తూ వచ్చారు. ఆయన ఎప్పుడొచ్చినా చేతిలో నల్లసంచీ, సంచీలో ఫారాలు ఉంటాయి. పిల్లల్ని నెలకోసారి తూయించడం ఆయన పెట్టిన పద్ధతే. ఇంట్లో కాటా ఎవరికుంటుంది కనక? అందరూ కలిసి పక్కనున్న ఎండుకొబ్బరి గోడౌనుకి వెళ్ళారు. కొబ్బరి బస్తాలు తూచే పెద్ద కాటా మీద అప్పాయమ్మని కూర్చోబెట్టారు. గోడౌను గంగాధర్ రాళ్ళు తీసి, ఇంకా తీసి, ముల్లు వంక చూశాడు.

"పదిహేనున్నర కిలోలండి" అన్నాడు. "మా బస్తాలో మూలకి కూడా రాదండి."

"వచ్చినప్పుడు పదిహేడు" అన్నారు కనకరాజుగారు ఫారం చూసుకుంటూ. "ఇలా తగ్గుతూ పోతే కమిటీకి నేనేం చెప్పనండీ? వచ్చే నెలాఖరుకి పదహారున్నర దాటాలి. దాటకపోతే ఏలూరు అవతల హాస్టలుకి పంపించేద్దాం. అక్కడైతే గంట కొడితే తింటారు, గంట కొడితే పడుకుంటారు."

"అంత దూరమైతే వాళ్ళ మామ్మ ఎప్పుడు చూస్తుందండి?" అంది కృపావతి.

"ఇప్పుడు మాత్రం చూస్తోందా అండీ? ఏడాదిదాకా సొంతవాళ్ళని కలవనివ్వకూడదని నియమం. కలిస్తే బెంగ పెట్టుకుంటారు."

కాటా మీద కూర్చున్న అప్పాయమ్మ తల ఎత్తింది. ఆ రెండు నెలల్లో ఆ పిల్ల తనంతట తాను నోరు విప్పడం అదే మొదలు.

"ఏలూరుకి రేవు ఉంటాదాండి?"

"లేదమ్మా. రైలుంటుంది" అంది కృపావతి.

 అప్పాయమ్మ కాటా దిగి, గౌనుకంటిన కొబ్బరి పొట్టు దులుపుకుంది.

ఆ సాయంత్రం జుట్టు దువ్వే పని కృపావతే తీసుకుంది. బి.ఏ. చదివిన ఆడదానికి పిల్ల జుట్టు ఒక లెక్కా అనుకుంది. అరగంట తర్వాత మూడో దువ్వెన విరిగింది. అప్పాయమ్మ కిక్కురుమనలేదు. కాని తన మోకాళ్ళ మధ్య కూర్చున్న ఆ చిన్న వీపు, దువ్వెన దిగిన ప్రతిసారీ బిగుసుకుపోవడం కృపావతికి తెలుస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి ప్రభాకరరావు రెండు గోళీసోడాలు తెచ్చి, నీళ్ళ తొట్టిలో చల్లబెట్టి ఎదురుచూస్తున్నాడు. గోళీ దిగేటప్పుడు వచ్చే చప్పుడు ఆమెకిష్టమని పెళ్లైన నాలుగో రోజున చెప్పింది. అతను మరిచిపోలేదు. మరో రోజయితే ఆ ఒక్క సంగతికే ఇల్లంతా గంతులేసేది. ఇవాళ సోడా తాగుతూ జరిగిందంతా చెప్పింది.

"ఆ జుట్టు ఎనిమిదేళ్ళూ ఎవరు దువ్వేరోయ్?" అన్నాడు అతను.

"వాళ్ళ మామ్మ."

"మరి ఆవిణ్ణి అడక్కుండా నన్నడుగుతావేం?"

"నియమం ఉందండి. ఏడాదిదాకా కలవకూడదని."

"నియమం పెట్టినాయనకి జుట్టుందా?"

కృపావతి ఒక్క క్షణం ఆలోచించింది. కనకరాజుగారిది నున్నటి బట్టతల. సోడా ముక్కుల్లోకి ఎక్కేదాకా నవ్వింది.

మర్నాడు వెళ్ళి చెబితే మార్తమ్మగారు ముందు కస్సుమంది. "నియమం తప్పి ఉద్యోగం పోగొట్టుకుంటావా? మొన్న మొన్ననే కాపురం పెట్టేవు." కాసేపు గిన్నెలు అటూ ఇటూ పెట్టి, తనే మళ్ళీ అంది. "స్కూలుకి ఎండల సెలవులే కదా, శనివారం వెళ్ళొద్దాం. పిల్లని కూడా తీసుకెళ్దాం."

"పిల్లని కూడానా అండీ?"

"జుట్టు లేకుండా జుట్టు దువ్వడం ఎలా నేర్చుకుంటావమ్మాయ్?"

శనివారం బస్సులో కొబ్బరిచీపుళ్ళ కట్టలు, కోళ్ళ గంపలు, మధ్యలో వీళ్ళు ముగ్గురు. మార్తమ్మగారి ఒళ్ళో నాలుగు గిన్నెల క్యారేజీ. అందులో ఏముందో వాసనే చెబుతోంది. తెల్లవారుజామున లేచి మరీ వంజరం పులుసు పెట్టింది. "ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాం? పైగా వాళ్ళకి ఇష్టమైనది" అంది. కిటికీ పక్కన కూర్చున్న అప్పాయమ్మ ముక్కు బయటపెట్టి గాలి పీలుస్తోంది. కృపావతి బస్సు టిక్కెట్లు మడిచి రవికెలో దాచుకుంది. పెళ్లైన దగ్గర్నుంచి ఎక్కిన ప్రతి బస్సు టిక్కెట్టూ ఆమె దాచుకుంటోంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

రేవు దిగువన ఇసక మీద తాటాకు ఇళ్ళు. పందిరి కింద వలలు ఆరేసి ఉన్నాయి. వీరాయమ్మ పీట మీద కూర్చుని వలకి ముడులు వేస్తోంది. చూపు ఎటో ఉంది, వేళ్ళు మాత్రం తప్పడం లేదు. అప్పాయమ్మ ఇసకలో నడుచుకుంటూ వెళ్ళి ఆమె ముందు ఆగింది. పరిగెత్తలేదు, ఏడవలేదు. ముసలామె చెయ్యి చాపి, పిల్ల తల మీద పెట్టి, ఆ చిక్కుల్లో వేళ్ళు దూర్చింది.

"ఎవరే ఇది, కాకి గూడు పెట్టిందా?" అంది.

పిల్ల నవ్వింది. మార్తమ్మగారు కృపావతి వంక చూసింది. ఆ పిల్లకి పళ్ళున్నాయని ఇద్దరికీ అప్పుడే తెలిసినట్టుంది.

ముసలామె చెయ్యి చెంప మీదకి దిగింది. వేళ్ళకి పౌడరు అంటుకుంది. రాసి చూసుకుని, కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. "ఇదేంటండీ, పిండి అద్దేరు? అప్పడాలు ఒత్తుతున్నారా?"

మార్తమ్మగారి ముఖం ఎర్రబడింది. "నల్లగా ఉందని ఊళ్ళోవాళ్ళు ఏదో ఒకటి అంటున్నారండి. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని..."

"వాళ్ళ నాన్న రంగండి అది" అంది వీరాయమ్మ, పమిట కొంగుతో పిల్ల ముఖం తుడుస్తూ. "వెంకన్న ఫొటో ఒక్కటి కూడా లేదండి మా ఇంట్లో. ఉన్నదిదే. దీన్ని చెరిపేస్తే నా కొడుకుని నేనెక్కడ చూసుకోనండి?"

 ఏం చెయ్యాలో తోచక మార్తమ్మగారు క్యారేజీ ముందుకు జరిపింది. "భోజనం తెచ్చేమండి. ముందు తిందాం. మీకిష్టమని తెల్లారగట్ల లేచి చేసేను" అంటూ మూత తీసింది.

వంజరం పులుసు వాసన పందిరంతా కమ్ముకుంది. వీరాయమ్మ చేతిలోని వల కింద పెట్టేసింది. లోపల పొయ్యి దగ్గరున్న ఆమె కూతురు గుమ్మంలోకి వచ్చి, క్యారేజీ చూసి, అక్కడే ఆగిపోయింది.

"అమ్మగారండీ" అంది వీరాయమ్మ మెల్లగా. "మూత పెట్టెయ్యండి."

మార్తమ్మగారు మూత పెట్టేసింది. ఎందుకో తెలియదు గాని, పెట్టేసింది.

"మావాడు దొరకలేదండి. ఆ నీళ్ళలోనే ఉన్నాడు. ఏడాది తిరిగి, కర్మ జరిపించేదాకా ఆ నీళ్ళలోది ఏదీ మా ఇంట్లో పొయ్యెక్కదండి. పట్టడం పడతాం, అమ్మడం అమ్ముతాం. పొట్ట గడవాలి కదండి. తినం. ఆ చేప దేన్ని తిని పెరిగిందో మాకేం తెలుసండి?"

కృపావతి పిల్ల వైపు తిరిగింది. "మరి పిల్లకి... అప్పాయమ్మకి చెప్పేరాండి?"

"చెప్పకుండా పంపుతానాండి? రెండు మాటలు చెప్పేను. ఏడాది తిరక్కుండా చేప ముట్టకే అన్నాను. పరాయింట్లో ఉంటావు, పెట్టినదానికి వంక పెట్టకే, ఇది వద్దు అది వద్దు అనకే అన్నాను."

అందరూ అప్పాయమ్మ వంక చూశారు. ఆ పిల్ల కాలి బొటనవేలితో ఇసకలో గీత గీస్తోంది.

చేప తినకూడదు. వద్దని అనకూడదు. ఆ రెండు మాటల మధ్య ఎనిమిదేళ్ళ పిల్లకి మిగిలింది ఒక్కటే మాట. రోజుకి మూడుసార్లు, రెండు నెలలుగా, మర్యాదగా ఆ మాటే చెబుతోంది. పులుసు గరిటె పప్పులో పడితే పప్పూ మానేసింది.

మార్తమ్మగారు మెల్లగా కృపావతి వైపు తిరిగింది. ఆమె ఏమంటుందోనని కృపావతి తల వంచుకుంది.

"మాస్టారి సైకిలు చెయిను రెండుసార్లు తెగిందమ్మాయ్" అంది మార్తమ్మగారు. అంతకంటే ఏమీ అనలేదు. అంటే బాగుండేదని కృపావతికి అనిపించింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళు పెరుగన్నం, మామిడికాయ ముక్క తిన్నారు. అప్పాయమ్మ రెండోసారి పెట్టించుకుంది. తర్వాత వీరాయమ్మ పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, చెంబెడు నీళ్ళతో తల తడిపి, కొబ్బరినూనె దోసిట్లో పోసుకుంది. "పొడి జుట్టు మీద దువ్వెన పెట్టకూడదండి, ఎదురు తిరుగుద్ది. నాలుగు పాయలు చెయ్యండి. ముందు వేళ్ళు. ముందు చివర్లు, తర్వాత మధ్య, ఆఖర్ని కుదురు. పైనుంచి లాగేరనుకోండి, చిక్కు కిందకి దిగి ముడి పడిపోద్ది. వలైనా ఇంతేనండి." మార్తమ్మగారు పక్కన కూర్చుని మూడో పాయ తను తీసుకుంది. రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ముసలామె చూడకుండానే ఆమె వేళ్ళ మీద చిన్నగా కొట్టింది. ముప్ఫయ్యేళ్ళుగా పిల్లల వేళ్ళ మీద కొట్టిన టీచరు మార్తమ్మగారు. ఇప్పుడు తనే వేళ్ళు సరిచేసుకుంది.

ఇంటికి రాగానే మార్తమ్మగారు గిన్నెలన్నీ చింతపండూ బూడిదా పెట్టి తోమించింది. కొత్త గరిటెలు కొంది. యేసురత్నం మాస్టారు సైకిలుకి ప్రార్థన చేసినంత పని చేసి, ఇంక బజారు వైపు వెళ్ళక్కర్లేదని వసారాలో ఓ మూల ఆనించారు. అప్పాయమ్మ పప్పు తింది, వంకాయ తింది, గుడ్డు తింది. ఆవకాయ కలిపితే వేళ్ళు నాకింది. ప్రతి శనివారం వీరాయమ్మ బస్సెక్కి వచ్చి పిల్ల తల దువ్వి వెళ్ళేది. నాగమణి ఒకసారి వచ్చి కాకిపిల్ల అనబోతే, మార్తమ్మగారు విసనకర్ర ఆపి, "దాని తండ్రి రంగది. మీ నాన్నగారి రంగు మీ దగ్గరేమైనా మిగిలిందా చూసుకోండి" అంది. తర్వాత నాగమణి కొన్నాళ్ళు రాలేదు.

నెలాఖరున కనకరాజుగారు వచ్చారు. వచ్చేది శుక్రవారమనుకుంటే శనివారం వచ్చారు. వసారాలో వీరాయమ్మ కూర్చుని ఉంది. ఆమె మోకాళ్ళ మధ్య అప్పాయమ్మ, అప్పాయమ్మ తల మీద రెండు పాయలు పూర్తయి, రెండు పాయలు మిగిలి ఉన్నాయి.

"ఈవిడెవరండీ?" అన్నారాయన, తెలిసే.

 పిల్లని అలా సగం జడతోనే గోడౌనుకి తీసుకెళ్ళారు. గంగాధర్ రాళ్ళు వేశాడు, తీశాడు, చిన్నరాయి వేశాడు.

"పదహారుంపావండి" అన్నాడు.

"పదహారున్నర కావాలి. పావు తక్కువ" అన్నారు కనకరాజుగారు. ఆయన గొంతులో సంతోషమేమీ లేదు, విసుగే ఉంది. "పైగా నియమం తప్పేరు. ఏడాదిదాకా కలవనివ్వద్దన్నాను కదండీ. నేను కమిటీకి ఏం రాయాలి?"

"నియమం మీ కాగితం మీదుందండి" అంది మార్తమ్మగారు. "జుట్టు పిల్ల నెత్తి మీదుంది. మీరొచ్చి రోజూ దువ్వుతానంటే ఈవిణ్ణి రావద్దంటాను."

కనకరాజుగారు అసంకల్పితంగా బట్టతల తడుముకున్నారు. గంగాధర్ కొబ్బరి బస్తాల వైపు తిరిగి దగ్గాడు.

"హాస్యం కాదండి. పిల్ల రెండు నెలలు ఎందుకు తినలేదని అడుగుతారు. ఎవరి తప్పని అడుగుతారు. ఈ ఇంటి తప్పని రాస్తే పిల్లని తీసెయ్యాలి."

"నా తప్పని రాయండి" అంది కృపావతి.

అనేముందు ఆమె చాలా ఆలోచించిందనుకుంటే పొరపాటు. మాట వచ్చేసింది. వచ్చాకే ఇల్లు గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి ప్రభాకరరావుతో ఏమని చెప్పాలి? అతని అందమైన దస్తూరీలో రాసిన సూచనే ఇదంతా చేసిందని ఎలా చెప్పాలి?

"వేటవాళ్ళ పిల్లకి చేపే ప్రాణమని నేనే రాసేనండి. ఎవరినీ అడగలేదు. పిన్నిగారు నేను చెప్పినట్టే చేసేరు. ఇంకొకరైతే ఆ పులుసు తిప్పలు పడలేక నెలకే పిల్లని తిప్పి పంపేద్దురు. ఈవిడ పంపలేదు. అది కూడా రాయండి."

"అలా రాస్తే మీ ఉద్యోగం ఉంటుందో ఉండదో నేను చెప్పలేనండి."

"ఆయ్. రాయండి."

కనకరాజుగారు కాసేపు ఫారం వంక, కాసేపు కాటా ముల్లు వంక చూశారు. కాటా మీద అప్పాయమ్మ ఇంకా కూర్చునే ఉంది. సగం జడ ఒక పక్క, విప్పిన జుట్టు ఇంకో పక్క.

"పిల్లా" అన్నారాయన. "ఆకలేస్తోందా?"

అప్పాయమ్మ మామ్మ వంక చూసింది. తర్వాత మార్తమ్మగారి వంక చూసింది. "ఇంట్లో మామిడికాయ పప్పు చేసేరండి" అంది. "ఆలస్యమైతే చల్లారిపోద్దండి."

కనకరాజుగారు నిట్టూర్చి సంచీలోంచి పెన్ను తీశారు. "ఇంకో ఆరు నెలలు గడువు" అని రాశారు. "కారణం మీరే రాయండమ్మా, నాకు ఈ చేపల గొడవ రాయడం రాదు" అని ఫారం కృపావతి చేతిలో పెట్టారు. ఆమె అక్కడే కొబ్బరి బస్తా మీద పెట్టుకుని, తన వంకర అక్షరాలతో, తన తప్పు తనే రాసింది.

కమిటీ ఉద్యోగం తియ్యలేదు. కాని రెండు పేజీల మందలింపు పంపింది. ప్రభాకరరావు దాన్ని చదివి, "రాసినాయన దస్తూరీ మరీ ఘోరం" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ కూర్చుని కాగితం మళ్ళీ రాశారు. ఏడో సూచన కొట్టేసి, దాని చోట ఇలా రాశారు: 'పిల్లని అడగండి. పిల్ల చెప్పకపోతే, ఆ పిల్లని అంతవరకూ పెంచినవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళి అడగండి. ఉత్త చేతులతో వెళ్ళినా ఫర్వాలేదు.'

కార్తీకం వచ్చింది. సఖినేటిపల్లి రేవు దిగువన వెంకన్నకి ఏడాది కర్మ జరిగింది. మార్తమ్మగారు, మాస్టారు పిల్లని తీసుకెళ్ళి, పూజ జరిగినంతసేపూ వెనక ఇసకలో నిలబడి, మళ్ళీ తీసుకొచ్చారు. ఆ వారం గడిచాక ఒక ఉదయం అప్పాయమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ చేప వండుతారాండి?" అంది.

ఆ కబురు విని కృపావతి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అందరూ కంచాల ముందున్నారు. మాస్టారు చెయిను మూడోసారి తెగినా పట్టించుకోకుండా వంజరం తెచ్చారట. అప్పాయమ్మ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మార్తమ్మగారు గరిటె పట్టుకుని చూస్తోంది.

"బాగుందండి" అంది అప్పాయమ్మ. కాసేపు నమిలి, "పులుపు చాల్లేదండి. మా మామ్మయితే మామిడికాయ ఒరుగులు వేస్తాదండి" అంది.

మార్తమ్మగారు గరిటె గిన్నె మీద టంగుమని పెట్టింది.

"విన్నావా అమ్మాయ్? ఇన్నాళ్ళూ ఆకలి లేదండి అంది. ఇప్పుడు నోరు విప్పి వంకలు పెడుతోంది. దీనికంటే అదే నయం." అని విసుక్కుంటూనే లేచి, అటక మీది జాడీల్లో ఒరుగులు ఎక్కడున్నాయో వెతకడానికి స్టూలు ఎక్కింది.